గంప కింది కోడికి టీకా

సిద్దిపేట పల్లెల్లో కూలి ఇంటికి కోడి అంటే చేతిలో రొక్కమే. పిల్లకు జ్వరమొచ్చినా, బడికి పుస్తకాలు కావాలన్నా పుంజు అంగడికి పోతుంది. దాన్ని సాకేది ఆడవాళ్లు. నాటుకు పోయివచ్చి చేసే ఆ పనిని ఎవరూ లెక్కబెట్టరు.

కొక్కెర తెగులు తగిలిందంటే వారంలో గంప ఖాళీ. డాక్టర్లు దీన్నే రాణిఖేత్ అంటారు. వచ్చినంక మందు లేదు, ముందే టీకా వేయించాలె. మొదటి వారంలో పిల్లకు లసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి సూది. చిక్కంతా సీసాతోనే. ఒక్క సీసా నూరు కోళ్లకు సరిపోతుంది, కలిపినంక రెండు గంటల్లో వాడెయ్యాలె. ఆరు కోళ్లున్న ఇల్లు దాన్నేం చేసుకుంటుంది? అదే ఇరవై ఇళ్లు కలిస్తే సీసాలో చుక్క మిగలదు.

బ్రాయిలర్ షెడ్డులో పిల్లలు, దాణా కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, రెక్కల కష్టం రైతువి. చేతికొచ్చేది కిలోకింత అని పెంపకం కూలి. గంప కింది కోడి మాత్రం ఇంకా మనదే.

రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ మంచివే. గుడ్లు బాగా పెడతయి, పొదగవు. సంకరం కాబట్టి వాటి పిల్లలకు ఆ గుణం నిలువదు, మళ్లీ కొనాలె. అందుకే 21 రోజులు కదలకుండా పొదిగే నాటు పెట్టను అమ్ముకోవద్దు.

ఎండలు ముదరకముందే వాడంతా కలిసి పశువుల దవాఖానాలో తేదీ అడగండి. ఐసు డబ్బా వెంట ఉండాలె. ఆనాడు తెల్లారి గూడు తెరవకుండా ఉంచండి, వదిలినంక కోళ్లు చేతికి చిక్కవు.