తలగాయము మానిన పిమ్మట

మదనపల్లె నుండి పుంగనూరు పోవు దారిలో మోటారుసైకిలు మీదినుండి పడిన పదునెనిమిదేండ్ల కుర్రవాని సంగతి చూడుడు. ప్రాణము దక్కినది. గాయము మానినది. నడక, మాట తిరిగి వచ్చినవి. కాని ఇల్లు చేరిన నెలకు మరియొక బాధ మొదలగును. అంగడికి పంపినచో నాలుగు వస్తువులకు రెండే తెచ్చును, పుస్తకము తెరచిన పది నిమిషములకే అలసిపోవును, చిన్నమాటకే మండిపడును. సోమరి అయినాడని తండ్రి, దిష్టి తగిలినదని అవ్వ అందురు. కుట్లు ఎండిన తలలో ఇంకను గాయమున్నదని ఎవరికిని తోచదు.

పుర్రె గట్టిది, మెదడు మెత్తనిది. వేగముగా పోవు తల ఒక్కసారిగా ఆగినపుడు మెదడు లోపల కదలి, నాడీకణముల సన్నని తంతువులు సాగి తెగును. నుదుటి వెనుక భాగము, కణతల దగ్గరి భాగము ఎక్కువగా దెబ్బతినును. దృష్టి నిలుపుట, పనిని వరుసగా చేయుట, కోపము నాపుకొనుట మొదటిదాని పనులు. క్రొత్త సంగతి జ్ఞాపకముంచుకొనుటకు రెండవది కావలెను. చచ్చిన కణములు సాధారణముగా తిరిగి రావు. అయినను మిగిలినవి అభ్యాసముచే క్రొత్త సంబంధములు కల్పించుకొనగలవు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు రష్యా శాస్త్రజ్ఞుడు లూరియా ఇట్టి అభ్యాసములనే చేయించెను.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ పరిశోధకులు తలగాయమైనవారి అవధానలోపమును సరిదిద్దుటను గూర్చి 1999లో ఒక వ్యాసము ప్రకటించిరి. అచ్చటి అభ్యాసములలో ఒకటి వినినవారికి నవ్వు రావచ్చును: కలిపిన గింజలను వేరుచేయుట! కుప్పములో వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది. బెంగుళూరు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. కాని దినమును ఆసుపత్రికి పోయివచ్చుట కూలిచేయు ఇంటికి సాధ్యము కాదు. కావున వైద్యుడు పరీక్షించి చెప్పిన అభ్యాసమును ఇంటనే సాగింపవలెను.

చేటలో పిడికెడు ఉలవలు, కందులు కలిపి ఏరించవలెను. పట్టిన సమయమును, తప్పులను పుస్తకములో వ్రాయవలెను. తప్పులు తగ్గిన పిమ్మట పెసలు చేర్చవచ్చును. తరువాత ప్రక్కన రేడియో పెట్టవచ్చును. వార్తాపత్రికలో 'క' అక్షరములన్నిటిని కొట్టివేయుట ఇట్టిదే. మొదట పదిహేను నిమిషములు చాలును. అలసట కనబడగానే ఆపవలెను. అది మెదడు అలసటయే గాని సోమరితనము కాదు.

గింజలు ఏరుటలో నేర్పు వచ్చినంతమాత్రమున లెక్కలు వచ్చునని అనుకొనరాదు. ఏ పని కావలెనో ఆ పనినే కొద్దికొద్దిగా చేయించుట మేలు. టమోటా పండించు ఇంట మదనపల్లె మార్కెట్టు చీటీలనే కూడించవచ్చును. కుప్పము ప్రాంతమున ఇంటిలో తమిళమో కన్నడమో మాటలాడువారు చాలమంది. వారికి బడిభాషతో గాక ఇంటిభాషతో మొదలిడవలెను. కొంత మరపు ఎన్నటికిని పోకపోవచ్చును. దానికి గోడమీద దినచర్య పట్టిక, జేబులో చిన్న పుస్తకము, ఫోనులో గంట ఉన్నవి. కుంటివాని చేతికర్ర వంటివే ఇవి, సిగ్గెందుకు?

బడికి తిరిగి వచ్చినవానిని కొన్ని వారములు ఒంటిపూటతో సరిపెట్టి, ముందుబెంచీలో కూర్చుండబెట్టవలెను. ఒకమారు ఒకే పని చెప్పి, దానిని నల్లబల్లపై వ్రాయవలెను. మరచినాడని తరగతిలో నిలబెట్టుట ఏ ఉపాధ్యాయునికిని తగదు.

తలనొప్పి హెచ్చినను, వాంతులైనను, మూర్ఛ వచ్చినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వైద్యుడు సరేయనువరకు మోటారుసైకిలు తాళము అవ్వ కొంగుముడిలోనే ఉండవలెను.