పేరు సరిగ్గానే ఉంది.. మరి ఎర్రర్ ఎందుకు?

స్కాలర్‌షిప్ ఫారంలో అమ్మాయి పేరు ‘షేక్ ఆయేషా’. రికార్డులోనూ అదే. అయినా ‘పేరు సరిపోలలేదు’ అంటుంది వెబ్‌సైట్. అక్షరం అక్షరం పోల్చినా తేడా దొరకదు. ఇలాంటప్పుడు ఒక్కోసారి చిక్కు పేరులో ఉండదు, పేరు చివరి ఖాళీలో ఉంటుంది.

ఫోన్ కీబోర్డు చూపించిన పదాన్ని నొక్కితే చాలాసార్లు దాని వెనకాలే ఒక స్పేస్ పడుతుంది. మెసేజ్ నుంచి కాపీ చేసినా రావచ్చు. మన కంటికది ఖాళీ, కంప్యూటర్‌కు మాత్రం అదీ ఒక అక్షరమే. ఫారం నింపినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పోల్చే ముందే ఆ ఖాళీని తీసేయాల్సింది సైట్ తయారుచేసినవాళ్లు.

జావాస్క్రిప్ట్‌లో ఇందుకు 2009 నాటి ప్రమాణం నుంచే ‘ట్రిమ్’ ఉంది. ముందూ వెనకా ఉన్న స్పేసులు, ట్యాబులు, కొత్త లైన్ గుర్తులు తీసేస్తుంది. మధ్యలోవి ముట్టుకోదు. ‘షేక్’కూ ‘ఆయేషా’కూ నడుమ రెండు స్పేసులు పడితే వేరుగా సరిచేయాల్సిందే. కోడింగ్ నేర్చుకునే పిల్లలు తడబడేది ఇంకోచోట: ట్రిమ్ పాత పేరును మార్చదు, శుభ్రం చేసిన కొత్త ప్రతిని ఇస్తుంది. దాన్ని దాచుకోకపోతే ట్రిమ్ రాసినా రాయనట్టే.

బ్రౌజర్‌లో చేశాం కదా అని సర్వర్‌లో మానేయకూడదు. అక్కడా ఒక మెలిక ఉంది. వెబ్‌పేజీల నుంచి కాపీలో వచ్చే ‘విడిపోని స్పేస్’ను జావాస్క్రిప్ట్ ట్రిమ్ తీసేస్తుంది, పీహెచ్‌పీ ట్రిమ్ మామూలుగా తీయదు.

ఉర్దూ, తెలుగు రాసేవాళ్లకు ఇంకాస్త చిక్కు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి, దిశ చెప్పే కనిపించని గుర్తులు కాపీలో వెంట రావచ్చు. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అని పొల్లు విడిగా నిలవడానికీ అలాంటి గుర్తే కావాలి. యూనికోడ్ లెక్కలో ఇవి స్పేసులు కావు, అందుకే జావాస్క్రిప్ట్ ట్రిమ్ వీటి జోలికి పోదు. అంచుల్లో ఉంటే విడిగా తుడవాలి. మధ్యలోవి గుడ్డిగా తుడిచేస్తే మాత్రం అది ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది!

పాస్‌వర్డ్‌కు ట్రిమ్ వద్దు. ఎవరైనా కావాలనే చివర స్పేస్ పెట్టుకుని ఉండొచ్చు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్ కూడా ఫారంలోని మిగతావాటిని తనే ట్రిమ్ చేసి, పాస్‌వర్డ్‌ను వదిలేస్తుంది.

సైట్ బాగయ్యేదాకా ఆగలేని కుటుంబాలు ఒకటి చేయొచ్చు. పేరు చివర వేలు పెట్టి, కర్సర్ ఆఖరి అక్షరానికి ఎడంగా కనిపిస్తే ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కి మళ్లీ సబ్మిట్ చేసి చూడాలి.