మీకు తెలుసా? ఆకు అంచే థర్మామీటర్

వేపాకు అంచుకు రంపపు పళ్లుంటాయి. మర్రి ఆకు అంచు నున్నన. వేడి ప్రాంతాల పూలచెట్లలో నున్నటి అంచు జాతుల వాటా ఎక్కువని 1915లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞులు బెయిలీ, సిన్నాట్ చూపారు. శిలాజ ఆకుల్లో ఆ వాటా లెక్కగడితే నాటి ఉష్ణోగ్రత అంచనాకు అందుతుంది. కొండమీది శిలాజ ఆకులను అదే కాలపు సముద్రతీర ఆకులతో పోలిస్తే, కొండ ఎంత చల్లగా ఉండేదో తేలి దాని ఎత్తూ బయటపడుతుంది.

అనంతపురం కరవు నేల రాళ్లు మాత్రం ఈ పనికి రావు. అక్కడి గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్లనాటివి, అప్పటికి ఆకే పుట్టలేదు! తాడిపత్రి పేరున్న రాతిపొరల్లో కనిపించేవీ సూక్ష్మజీవులు పేర్చిన పొరలే. ఆకులు కావాలంటే గోదావరి లోయ బొగ్గుపొరలకు వెళ్లాలి. అక్కడ నాలుకలాంటి గ్లోసోప్టెరిస్ ఆకులున్నాయి. అంచు నున్ననే గానీ, అది పూలమొక్క కాదు. ఈ లెక్క దానికి కుదరదు.