యంత్రమునకు మోడెము నెన్నుకొనుట

పొలములోని నీటిమోటారునైనను, గోతిలోని నీటిమీటరునైనను సెల్‌ఫోను టవరుతో మాటలాడించు భాగమునకు మోడెమని పేరు. మన విద్యార్థులు దీనిని కొనునపుడు వెల నొక్కదానినే చూచుచున్నారు. మేమును ఒకప్పుడు చవుకయని 2జి మోడెమును తెచ్చితిమి. వార్త పంపినప్పుడెల్ల యంత్రము ఆగి మరల మొదలగుచుండెను. వెదకి చూడగా, పంపు క్షణమున నది రెండు ఆంపియర్ల వఱకు విద్యుత్తును లాగుననియు, మా బ్యాటరీ ఒక్కసారిగా నంత ఇయ్యజాలదనియు తెలిసెను. మోడెము దాపున పెద్ద కెపాసిటరు నుంచిన పిదప కుదుటబడెను.

అంతకంటె ముఖ్యము నెట్‌వర్కు ఆయుష్షు. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2017 ఆరంభమున 2జిని, 2022లో 3జిని నిలిపివేయగా, వానినే నమ్మిన యంత్రములు మూగవోయెను. మన దేశమున జియోకు 2జి మొదటినుండియు లేదు.

2016లో ప్రమాణముగా నేర్పడిన ఎన్‌బీ-ఐఓటీ 180 కిలోహెర్ట్జుల వెడల్పుతోనే మెల్లగా మాటలాడును. నిద్రలో కొలది మైక్రోఆంపియర్లతో కాలము గడుపును. గోతిలోని మీటరునకు తగినది. ఊరూరు తిరుగు బండికి కాదు. బండికి సాధారణ 4జి టవరులతో పనిచేయు క్యాట్-1 మేలు.

కొనుటకు ముందు రెండు మూడు సంస్థల సిమ్ములతో ఆ పొలమునకే పోయి, మోటారు గది తలుపు మూసి సిగ్నలు చూడవలయును.