పసుపు దీపం వెలిగింది – దోషం ఎక్కడ?

వానకు తడిసిన రోడ్డుమీద, మలుపులో, స్టీరింగు తిప్పినంతగా కారు తిరగక పక్కకు జారితే ప్రమాదమే కదా! దీన్ని అరికట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటును 1995లో బాష్, మెర్సిడెస్-బెంజ్ సంస్థలు కలిసి తెచ్చాయి. చక్రాల వేగాన్ని, స్టీరింగు కోణాన్ని, బండి తిరిగే తీరును సెన్సార్లు కొలుస్తాయి. ఆ సంకేతాలను చిన్న కంప్యూటరు పోల్చి చూసి, తేడా ఉంటే అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది.

మరి, ఒక సంకేతం రాకపోతే? కంప్యూటరు ఈ ఏర్పాటును ఆపి, డ్రైవరు ముందున్న పసుపు దీపాన్ని వెలిగిస్తుంది. మామూలు బ్రేకులు పనిచేస్తాయి. జారకుండా కాపాడే రక్షణ మాత్రం ఉండదు.

మెకానిక్ పరీక్ష యంత్రం తగిలిస్తే "ముందు ఎడమ చక్రం సెన్సారు వలయం" అని వచ్చిందనుకుందాం. వెంటనే సెన్సారు మార్చేయవచ్చా? తొందరపడకూడదు! వలయమంటే సెన్సారు ఒక్కటే కాదు. తీగలు, కనెక్టరు కూడా.

ముందుగా బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. తరువాత కనెక్టరు ఊడదీసి సెన్సారు నిరోధం కొలవాలి. తీగచుట్ట ఉండే పాత రకం సెన్సారులో అది సాధారణంగా వెయ్యి ఓముల పైమాటే. మీటరు అనంతం చూపితే లోపల తీగ తెగినట్లే. నిరోధం సరిగానే ఉంటే బయటి తీగలనూ, చిలుము పట్టిన పిన్నులనూ అనుమానించాలి. చక్రం దగ్గరి తీగ స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగుతుంది. అందుకే దాన్ని కదిలిస్తూ కొలవాలి. అంకె ఎగిరిపడితే దోషం దొరికినట్లే. కొత్త రకం సెన్సార్లకైతే నిరోధాన్ని కాక, వాటికి అందే వోల్టేజిని చూడాలి.

మీటరు స్వల్ప విద్యుత్తును పంపి నిరోధాన్ని కనుక్కొంటుంది. అది మీరు తరగతిలో చదివే ఓం నియమమే!