భూమి కంపించినపుడు మనము వ్రాయదగిన సంగతులు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ఏడున్నర గంటలు కావచ్చిన సమయమున ములుగు ప్రాంతమున భూమి కంపించెను. దాని పరిమాణము 5.3 అని ఢిల్లీయందలి జాతీయ భూకంపశాస్త్ర కేంద్రమువారు ప్రకటించిరి. ఆ కంపము వరంగల్లు, ఖమ్మము ప్రాంతములలోనేగాక రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న హైదరాబాదు నగరమునందును తెలిసినది. అయినను ఇట్టి కంపము ఒక్క ఊరిలోనైనను అందరికి ఒకేరీతిగా తెలియదు. మేడమీద కదలక కూర్చున్నవానికి తెలిసినది వీధిలో నడచుచున్నవానికి తెలియకపోవుట సహజము. ఈ భేదములు ఎందువలన కలుగుచున్నవి? వానిని కొలిచి పటముగా గీయుట యెట్లు? అందులకు పల్లెలయందలి రైతులు చేయదగిన సాయమేమి? ఈ మూడు సంగతులను సంఘ సభ్యులకు తెలియజేయుటకే ఈ వ్యాసము.

పరిమాణము వేరు, తీవ్రత వేరు

బావిమీది మోటారు ఐదు గుఱ్ఱముల శక్తి కలదనుకొందము. ఆ లెక్క ఒక్కటే. అది పొలము పొలమునకు మారదు. కాని కాలువవెంట పారిన నీరు మొదటి మడికి అందినంత చివరి మడికి అందదు. ఇసుక నేలలో ఒకవిధముగను, రేగడిలో మఱియొకవిధముగను పారును. భూకంపము సంగతియు ఇట్టిదే. భూగర్భమున వెలువడిన శక్తిని తెలుపు లెక్కకు పరిమాణమని పేరు. ఒక భూకంపమునకు పరిమాణము ఒక్కటే. ఈ లెక్క ఒకటి పెరిగినచో వెలువడు శక్తి ఇంచుమించు ముప్పదిరెండు రెట్లు పెరుగును. ఆయా గ్రామములలో కంపము ఎంత బలముగా నుండెనో తెలుపునది తీవ్రత. ఇది ఊరూరికి మారును. కంపము పుట్టినచోటినుండి గల దూరము, కంపము పుట్టిన లోతు, కాలిక్రింది నేల స్వభావము దీనికి ముఖ్య కారణములు. గట్టి రాతిమీద కంపము త్వరగా అణగును. ఏటి ఒడ్డున పేరుకొనిన మెత్తని ఒండ్రుమట్టిలో అది పెరిగి, ఎక్కువసేపు నిలుచును.

యంత్రములుండగా మనుష్యులేల?

నవాబు జఫర్ జంగుగారు 1901వ సంవత్సరమున హైదరాబాదు పాతనగరమందలి ఫిసల్ బండ వద్ద పదునైదంగుళముల దూరదర్శినితో ఒక వేధశాలకు ఆరంభము చేసిరి. అదియే తరువాత బేగంపేటకు మారి నిజామియా వేధశాలగా ప్రసిద్ధి చెందెను. నక్షత్రములనే గాక భూకంపములను నమోదుచేయు యంత్రములను కూడ అచ్చట నడపిరి. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులోనే స్థాపింపబడెను. ఉప్పల్ రోడ్డునందున్న ఆ సంస్థ దక్కను భూకంపములను పరిశీలించుటలో మిక్కిలి పేరు గాంచినది.

అయినను యంత్రము తానున్నచోటి కదలికనే వ్రాయగలదు. పది యంత్రముల లెక్కలను కూర్చి కంపము పుట్టినచోటును, లోతును శాస్త్రజ్ఞులు నిర్ణయింపగలరు. కాని శాలిబండలోని పాత సున్నపు కట్టడము ఎట్లూగెనో, దాని ప్రక్కనున్న నాలుగంతస్తుల కొత్త ఇంటిలో ఏమి జరిగెనో, మూసీ ఒడ్డుననున్న ఇండ్లకు, రాతిగుట్టలమీది ఇండ్లకు భేదమేమో ఉప్పల్ రోడ్డునందలి యంత్రము చెప్పజాలదు. 1591 నాటి చార్మినారు మొదలుకొని నిన్నటి ఇండ్లవరకు ఇరుకు సందులలో ఒకదానినొకటి ఆనుకొనియున్న పాతనగరమున వీధి వీధికి తీవ్రత మారవచ్చును. నగరమునకే ఇట్లైన, యంత్రము లేని వందలకొలది పల్లెల మాట చెప్పనేల? అచ్చటి మనుష్యుడే అచ్చటి యంత్రము.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1897 జూను 12వ తేదీన అస్సామునందు మహా భూకంపము సంభవించినపుడు భారత భూగర్భ పరిశీలన శాఖలోని ఆర్. డి. ఓల్డ్‌హాము దొర దేశము నలుమూలలనుండి సమాచారము సేకరించి, ఏ యే ప్రాంతమున కంపము ఎంతగా తెలిసెనో పటమున గుర్తించెను. అమెరికా దేశపు భూగర్భ పరిశీలన శాఖవారు 1990ల చివర "మీకు తెలిసినదా?" అను ప్రశ్నావళిని జనుల ముందుంచి, అందిన ఉత్తరములనుండి కొలది నిమిషములలోనే పటములు తయారుచేయ నారంభించిరి. మన దేశమున జాతీయ భూకంపశాస్త్ర కేంద్రమువారును ప్రజల అనుభవములను స్వీకరించుచున్నారు.

పండ్రెండు మెట్లు

తీవ్రతను కొలుచుటకు 1964లో మెద్వెదేవ్, స్పాన్‌హాయర్, కార్నిక్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కూర్చిన పండ్రెండు మెట్ల కొలమానము మన దేశమున వాడుకలో నున్నది. మొదటి మెట్టున మనుష్యులకేమియు తెలియదు. మూడవ మెట్టున ఇంటి ప్రక్కనుండి చిన్న లారీ పోయినట్లుండును. నాలుగవ మెట్టున తలుపులు, గిన్నెలు చప్పుడగును. ఐదవ మెట్టున నిద్రించువారు మేల్కొందురు, వ్రేలాడు దీపములూగును, పశువులు బెదరును. ఆరవ మెట్టున జనులు భయపడి బయటికి పరుగెత్తుదురు, గోడల పూత రాలును. ఏడవ మెట్టున మట్టి ఇండ్లకు పెద్ద బీటలు పడును, బావులలో నీటిమట్టము మారవచ్చును. ఆ పై మెట్లలో ఇండ్లు కూలును. పండ్రెండవ మెట్టున భూమి రూపమే మారిపోవును. ఈ వర్ణనలలో ఇంటి గోడ, బావి నీరు, పశువుల నడవడి ముఖ్యముగా నున్నవి. వానిని రైతుకంటె బాగుగా గమనింపగలవారెవరు?

ఇట్లు ప్రతి గ్రామమునకు ఒక మెట్టు నిర్ణయించి పటమున వ్రాయుదురు. పిదప సమాన తీవ్రతగల ఊళ్లను కలుపుచు రేఖలు గీయుదురు. చేలలో ఒకే మట్టమును అనుసరించి కాంటూరు గట్లు వేయుట మనము చూచినదే. ఈ రేఖలును అట్టివే. ఆ రేఖల నడుమనే కంపమునకు కేంద్రముండును. రేఖ ఒకచోట అకారణముగా బయటికి ఉబ్బినచో, అచ్చట నేల మెత్తనిదనియో, ఇండ్లు బలహీనమైనవనియో ఊహింతురు.

కిల్లారి నేర్పిన పాఠము

పటము తప్పినచో నష్టమేమని కొందఱడుగవచ్చును. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, గణేశ నిమజ్జనము ముగించుకొని జనులు నిద్రించుచుండగా, మహారాష్ట్రములోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించెను. పరిమాణము ఆరు దాటినది. హైదరాబాదునందును ఆ కంపము తెలిసినది. వేలకొలది జనులు మరణించిరి. ఆ నాటి పటమున ఆ ప్రాంతము భూకంప భయము అతి తక్కువగా గల మండలములో చేరియుండెను. మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, వానిమీది బరువైన మట్టి కప్పులు నిద్రించువారిపై కూలుటయే ప్రాణనష్టమునకు ముఖ్య కారణము. పూర్వకాలపు కంపముల వృత్తాంతములు చాలినంతగా లేనిచో, పటము భయమును తక్కువగా చూపును. పటము తక్కువగా చూపినచో, ఇల్లు కట్టువాడు జాగ్రత్త వహింపడు.

మన ప్రాంతమునకు కంపములు క్రొత్తవి కావు. 1967 మార్చిలో ఒంగోలు వద్దను, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వద్దను ఐదు పరిమాణమునకు మించిన కంపములు కలిగినవి. ఇట్టి మధ్యతరగతి కంపముల వివరములే రాబోవు పెద్దవానికి హెచ్చరికలు.

సభ్యులు వ్రాయవలసినవి

కంపము తెలిసిన క్షణమున కాగితము వెదకరాదు. బలహీనమైన గోడలకు, విద్యుత్ తీగలకు దూరముగా ఆరుబయటికి చేరుటయో, బయటికి పోవీలు లేనిచో గట్టి బల్లక్రింద తలదాచుకొనుటయో మొదటి కర్తవ్యము. అంతయు శాంతించిన పిదప ఆ దినముననే ఈ సంగతులను వ్రాయవలయును.

1. గ్రామము, మండలము, జిల్లా పేర్లు. కంపించిన తేదీ, గంట, నిమిషము.
2. తాము ఇంటిలోనుంటిరా, పొలముననుంటిరా; ఎన్నవ అంతస్తున నుంటిరి; నిలిచియుంటిరా, పండుకొనియుంటిరా.
3. ఏమేమి కదలెను, ఏవి పడెను; చప్పుడు వినవచ్చెనా.
4. ఇల్లు మట్టిదా, రాతిదా, ఇటుకదా. బీటలు పడెనా, పడినచో ఎచ్చట.
5. బావి, బోరు నీటిలో మార్పు కలిగెనా, పశువులు బెదరెనా.
6. నేల రాతినేలయా, రేగడియా, ఏటి ఒండ్రా.

ఇందు రెండు జాగ్రత్తలు కలవు. చూచినదే వ్రాయవలయును గాని విన్నదానిని పెంచి వ్రాయరాదు. తెలియనిచో "మా ఊర తెలియలేదు" అని వ్రాయుటయు అంతే విలువ గలది. అది లేనిదే రేఖను ఎచ్చట ముగింపవలయునో తెలియదు. మఱియొక ముఖ్యవిషయము: నగరమునుండి నివేదికలు విస్తారముగా వచ్చును, అడవి పల్లెలనుండి రావు. మిక్కిలి దెబ్బతిన్న ఊరు మొదట మౌనముగానే యుండును, ఏలయన అచ్చటివారు క్షతగాత్రులను మోయుచుందురు. ఆ మౌనమును నష్టము లేదని భ్రమించినచో సహాయము ఆలస్యమగును. కావున ప్రక్క ఊరి సంఘమువారు పొరుగువారి స్థితిని కనుగొని తెలుపవలయును.

ప్రతి సంఘ కార్యదర్శియు ఇందులకై ఒక పుస్తకము నుంచి, సభ్యుల మాటలను సేకరించి, జాతీయ భూకంపశాస్త్ర కేంద్రమునకు పంపుట మేలు. భూకంపము ఏ దినమున వచ్చునో ముందుగా చెప్పగలవారు నేటికిని లేరు. ఫలానా రాత్రి వచ్చునను వదంతులను నమ్మరాదు. కాని ఎచ్చట బలముగా కంపించునో, ఎట్టి ఇల్లు నిలుచునో గడచిన అనుభవమునుండి తెలిసికొనవచ్చును. ఆ అనుభవము ఒక్కనియొద్ద లేదు, ఊరూర కొంచెము కొంచెముగా నున్నది. గింజ గింజ కూడి గాదె నిండునట్లు దానిని ఒకచోట చేర్చుట సహకారుల ధర్మము.