వ్యాపారంలో భాషా నమూనాల వినియోగం: ఒక కొబ్బరి కొట్టు ఉదాహరణ

లార్జ్ లాంగ్వేజ్ మోడల్ అనే మాట వినగానే మనకు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లోని పెద్ద కంపెనీలు గుర్తుకొస్తాయి. ఈ పాఠంలో మనం అక్కడికి వెళ్ళడం లేదు. కోనసీమలోని తాటిపాకకు వెళ్దాం. బయటివారికి ఆ ఊరు 2001లో ప్రారంభమైన ఓ.ఎన్.జి.సి. మినీ రిఫైనరీ వల్ల తెలుసు. మనకు కావలసింది రిఫైనరీ కాదు, కొబ్బరి. తాటిపాక సెంటర్‌లో ఒక కొబ్బరి వర్తకుని కొట్టు ఉందనుకోండి. యజమాని, ఒక గుమస్తా, సరుకు ఎత్తే మనుషులు. అంతే.

ఈ కొట్టులో దింపు, వలుపు, కాయ ఏరడం, లారీకి ఎత్తడం వంటి పనులను ఏ భాషా నమూనా చేయలేదు. అయితే అదే కొట్టులో మాటలతో జరిగే పని ఎంత ఉందో గమనించండి. కోనసీమ కొబ్బరి మహారాష్ట్ర, గుజరాత్, బీహార్ వంటి రాష్ట్రాలకు లారీల్లో వెళ్తుంది. అక్కడి కొనుగోలుదారు హిందీలో సందేశం పంపుతాడు. జి.ఎస్.టి. నోటీసు, బ్యాంకు ఉత్తరం ఇంగ్లీషులో వస్తాయి. తెలుగు మాత్రమే వచ్చిన వర్తకుడు ప్రతిదానికీ ఇంకొకరి దగ్గరికి పరుగెత్తాలి. ఆయనకు లాభం కలిగే చోటు ఇదే.

ఈ నమూనా ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చూద్దాం. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రతిపాదించారు. నేటి నమూనాలకు మూలం అదే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక సామాన్యులు కూడా వాటిని వాడడం మొదలుపెట్టారు. అపారమైన పాఠాన్ని చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావచ్చో అంచనా వేయడం దానికి నేర్పుతారు. కాబట్టి వాక్యం కుదురుగా రావడం దాని సహజ గుణం. ఆ వాక్యంలోని విషయం నిజం కావడం వేరే సంగతి. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే మిగతా పాఠమంతా సులభంగా అర్థమవుతుంది.

ఒక సందర్భం తీసుకుందాం. నాగపూర్ కొనుగోలుదారు లారీలో 800 కాయలు కుళ్ళిపోయాయనీ, ఆ మేరకు సొమ్ము తగ్గిస్తాననీ హిందీలో రాశాడు. మన వర్తకుడు తన మాటలను తెలుగులోనే చెప్పవచ్చు: ఏ తేదీన ఎత్తాం, ఎన్ని కాయలు, లారీ దారిలో ఎన్ని రోజులు ఆగింది, ఎంతవరకు తగ్గించడానికి ఒప్పుకుంటాం. నమూనా దాన్ని మర్యాదైన హిందీ ఉత్తరంగా నిమిషంలో రాసిపెడుతుంది. నేను వాణిజ్యశాస్త్రం బోధించిన రోజుల్లో వ్యాపార లేఖల అధ్యాయమంటే విద్యార్థులకు మహా విసుగు. ఇప్పుడు ఆ అధ్యాయానికే విలువ పెరిగింది. ఉత్తరంలో ఏ వివరాలు ఉండాలో తెలిసినవాడే నమూనాకు సరిగా చెప్పగలడు. తేదీ చెప్పకపోతే అది తనంతట తానే ఒక తేదీని కల్పించే ప్రమాదం ఉంది. అందువల్ల పంపేముందు ఆ హిందీ ఉత్తరాన్ని కొత్త సంభాషణలో పెట్టి, తిరిగి తెలుగులోకి మార్చమనండి. మీరు చెప్పనిది ఏదైనా చేరితే అప్పుడే బయటపడుతుంది.

ఇక పదజాలం సంగతి. కురిడీ, గండేరా, గటగట, ముక్కుడు కాయ వంటి మాటలు అంబాజీపేట మార్కెట్ ధరల పట్టికలో రోజూ కనిపిస్తాయి. ఇంటర్నెట్ పాఠంలో ఇవి చాలా అరుదు. అందువల్ల నమూనా వీటిని తప్పుగా అర్థం చేసుకోవచ్చు. అంతకన్నా చిక్కు కొలతలతో వస్తుంది. కొత్త కొబ్బరి ధర క్వింటాలుకు చెబుతారు. గండేరా, గటగట ధర వెయ్యి కాయలకు చెబుతారు. ఈ రెండూ కలిసిపోతే ఉత్తరం అందంగానే ఉంటుంది, బేరం మాత్రం మునుగుతుంది. దీనికి మందు తేలికే. కొట్టులో వాడే మాటలు, వాటి అర్థం, కొలత ఒక పేజీలో రాసుకుని ప్రతి పనికి ముందు నమూనాకు ఇవ్వాలి. ఆ పేజీ రాయగలవాడు గుమస్తాయే.

ధర మాత్రం నమూనాను అడగకూడదు. మిల్లింగ్ కొబ్బరికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర 2024లో క్వింటాలుకు 11,160 రూపాయలు, 2025లో 11,582 రూపాయలు. 2024 వరకు ఉన్న పాఠాన్ని మాత్రమే చదివిన నమూనా పాత అంకెనే ఏ సందేహమూ లేకుండా చెప్పవచ్చు. మార్కెట్ ధర అయితే మరీ చంచలం.

నమూనా చేత కొనుగోలుదారులకు నేరుగా జవాబులు ఇప్పించవచ్చా? చిన్న కొట్టుకు ఇప్పుడే వద్దంటాను. ఎయిర్ కెనడా ఉదంతం చూడండి. బంధువు మరణించిన సందర్భంలో ఇచ్చే రాయితీకి ప్రయాణం తరువాత కూడా దరఖాస్తు చేయవచ్చని ఆ సంస్థ చాట్‌బాట్ ఒక ప్రయాణికునికి తప్పుగా చెప్పింది. చాట్‌బాట్ మాటకు తాము బాధ్యులం కామని సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చి, పరిహారం చెల్లించమంది. ఆ చాట్‌బాట్ లోపల ఏ సాంకేతికత ఉందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మీ కొట్టు పేరుతో వెళ్ళిన మాట మీదే అవుతుంది.

రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా అందులో పెట్టకండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం మాట అలా ఉంచినా, రైతు ఆ కాగితాలను కొట్టును నమ్మి ఇచ్చాడు.

ఖర్చు విషయంలో ఒక్క మాట. నమూనాలు పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసి లెక్కిస్తాయి. అదే విషయానికి తెలుగులో ఇంగ్లీషు కన్నా ఎక్కువ టోకెన్లు పడడం మామూలు. చేతిఫోనులో ఉచితంగా వాడేవారికి ఇది తెలియదు. వాడకాన్ని బట్టి చెల్లించే సంస్థకు బిల్లులో కనిపిస్తుంది.

మరి గుమస్తా ఉద్యోగం ఉంటుందా? చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడమే పనిగా ఉన్నవారికి ఇబ్బంది తప్పదు. ఈ సంగతిని మీ దగ్గర దాచడం న్యాయం కాదు. సరుకు, ఖాతా, కొనుగోలుదారుల స్వభావం మూడూ తెలిసిన గుమస్తా అయితే ఇదివరకు చేతికి రాని ఇంగ్లీషు, హిందీ వ్యవహారాలను కూడా చూడగలడు. అతని జీతం పెరుగుతుందా అన్నది యజమాని మీద ఆధారపడి ఉంటుంది, సాంకేతికత మీద కాదు.

అభ్యాసం: మీకు తెలిసిన కొట్టు యజమాని అనుమతితో ఒక పాత ఫిర్యాదు ఉత్తరం తీసుకోండి. పేర్లు, నంబర్లు కొట్టివేయండి. జవాబును ముందు మీరే రాసి, తరువాత నమూనా చేత రాయించండి. నమూనా జవాబులో మీరు ఇవ్వని వివరాలు ఎక్కడెక్కడ చేరాయో ఎర్ర సిరాతో గీసి, రెండు కాగితాలనూ సంపర్క తరగతికి తీసుకురండి.